ప్రైమర్ కింద ఏముంది? సగంలో ఆగిన ఒక ఎమ్‌జీబీని అమ్మించిన కేసు

పాత కార్లకు విలువ కట్టడం, అమ్మించడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు రేకు పని చేశాను కాబట్టి సగంలో ఆగిపోయిన ప్రాజెక్టులు ఎక్కువగా నా దగ్గరకే వస్తాయి. ఈ కేసు రాసుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు. ఆయన్ని, కారును, షెడ్డును పోల్చుకోవడానికి వీలున్న వివరాలన్నీ తీసేశాను. డబ్బు అంకెలు కూడా ఇవ్వడం లేదు. పూర్తిగా తయారైన అదే మోడల్ మంచి కారు ధరను 100 అనుకుని, మిగతా అంకెలన్నీ దానితో పోల్చి చెబుతాను.

కారు ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, అంటే బ్రిటిష్ కంపెనీ ఎమ్‌జీ చేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1960ల మధ్యలోది. ఎమ్‌జీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైంది. అన్ని రకాలూ కలిపితే ఐదు లక్షలకు పైగా బయటికొచ్చాయి. దీనికి ముందున్న ఎమ్‌జీఏకి విడిగా చాసిస్ ఉండేది. ఎమ్‌జీబీకి లేదు, బాడీయే చాసిస్. పైగా రోడ్‌స్టర్‌కు రేకు పైకప్పు కూడా ఉండదు. ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపి బిగువుగా నిలబెట్టే బరువులో ఎక్కువ భాగం రెండు డోర్ల కింద ఉండే సిల్స్ మీదే పడుతుంది. ఈ కేసంతా ఆ సిల్స్ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి వాటి నిర్మాణం ముందే చెప్పాలి.

బయటికి కనిపించే సిల్ రేకు ఒక్కటే. దాని లోపల నిలువుగా ఒక మధ్య రేకు, దాని వెనక లోపలి సిల్, అన్నిటికీ అడుగున క్యాజిల్ రెయిల్ అనే మడతల పట్టీ ఉంటాయి. ఇవన్నీ కలిసి డబ్బాలాగా ముడిపడితేనే బలం. బయటి సిల్ ముందు వైపు ఫెండర్ (చక్రం మీది రేకు) వెనక్కి, వెనక వైపు ఫెండర్ అంచు లోపలికి పోతుంది. కాబట్టి సిల్ సరిగ్గా మార్చాలంటే ముందు ఫెండర్ విప్పాలి, వెనక ఫెండర్ కింది అంచు కోయాలి. ముందు ఫెండర్ బోల్టుల మీద ఉంటుంది కనుక విప్పడం పెద్ద పని కాదు. వెనకది వెల్డింగుతో అతికి ఉంటుంది. ఆ కోత తప్పించుకోవాలనుకునేవాళ్లు రెండు ఫెండర్ల మధ్య కనిపించేంత మేరకే పాత సిల్ మీద కొత్త రేకు తొడిగి అతికేస్తారు. బయటినుంచి చూస్తే కొత్త సిల్‌లాగే ఉంటుంది.

యజమాని ఈ కారును దాదాపు పూర్తి కారుగానే కొన్నారు. నడుస్తుంది, తుప్పు ఉంది. ఆయన మెకానికల్ పనిలో నిజంగా చెయ్యి తిరిగినవారు. ఇంజన్ దింపి బేరింగులన్నీ మార్చారు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తిరిగి కట్టారు, బ్రేకు పైపులు కొత్తవి వంచారు. ప్రతి బిల్లూ ఫైలులో పెట్టుకున్నారు. రేకు పని మాత్రం తెలియదు. ఆ సంగతి తెలుసు కాబట్టే బాడీ మొత్తం విప్పి ఒక బాడీ షెడ్డుకి పంపారు. పద్నాలుగు నెలల తర్వాత, పెయింట్‌కు ముందు కొట్టే బూడిదరంగు ప్రైమర్‌లో అందంగా మెరుస్తూ షెల్, అంటే ఖాళీ బాడీ, తిరిగొచ్చింది. డోర్లు పెట్టి చూశారు. ఎడమ డోరు పట్టలేదు.

నా దగ్గరకొచ్చే నాటికి ఆయన పెట్టిన ఖర్చు, కారు కొన్న ధరతో కలిపి, మన కొలతలో 70. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇంక నా వల్ల కాదండీ. పెయింట్ తప్ప అంతా అయిపోయింది. మంచి ధరకి అమ్మించి పెట్టండి."

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ మాటను నేను పరీక్షించలేదు. షెల్ చుట్టూ తిరిగాను, తట్టి చూశాను, డోరు సంగతి విన్నాను. కీలు సర్దితే కుదిరిపోతుందనుకున్నాను. ప్రైమర్ అంత చక్కగా ఉండేసరికి దాని కింద పని కూడా అంతే చక్కగా ఉంటుందని నా కన్ను ముందే తీర్పు ఇచ్చేసింది. "బాడీ పని పూర్తయింది, పెయింట్‌కు సిద్ధం" అని ప్రకటన రాసి 60 అడిగాం.

తర్వాతి ఆరు వారాల్లో ముగ్గురు వచ్చారు.

మొదటాయన జేబులోంచి సన్నటి అయస్కాంతం తీసి సిల్ కింది అంచు వెంట నడిపించారు. రెండు జానల మేర అది ఎక్కడా పట్టుకోలేదు. రేకు మీద పుట్టీ మందంగా ఉంటే అయస్కాంతం పట్టదు. ఏమీ అనకుండా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. రెండో ఆయన ఒకటే అడిగారు, "ప్రైమర్ కొట్టకముందు తీసిన ఫొటోలు ఉన్నాయా?" లేవు. బాడీ షెడ్డువాళ్లు తీయలేదు, యజమాని అడగలేదు. ఆయన కూడా మళ్లీ ఫోన్ చేయలేదు.

మూడో మనిషితో బేరం కుదిరింది. 38కి ఒప్పుకుని బయానా ఇచ్చారు. వారం తర్వాత తనకు తెలిసిన రేకు పనివాణ్ని వెంటబెట్టుకొచ్చారు. అతను కారును ముందు వైపు జాకీ మీద లేపి, డోరు సందు మారుతోందా లేదా అని చూశాడు. మారింది. కళ్లముందే ఎడమ డోరు పైసందు మూసుకుపోయి రేకు రేకును తాకింది. ఇంక మాట్లాడ్డానికేం లేదు.

బయానా వెనక్కిచ్చే విషయంలో యజమాని కాసేపు వాదించారు. చూసుకునే ఒప్పుకున్నారు కదా అన్నది ఆయన పక్షం. ఇచ్చేయాలని నేను గట్టిగా చెప్పాను. ప్రకటనలో "బాడీ పని పూర్తయింది" అని రాసింది మనమే. అది నిజం కాదని ఇప్పుడు మనకు తెలుసు. తెలిశాక కూడా ఆ డబ్బు ఉంచుకుంటే, అది వేరే మనిషిని మోసం చేసి తీసుకున్న డబ్బు. మరునాడు ఆయనే స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చారు. అప్పుడు నేను ప్రకటన తీసేసి, మొదట్లోనే చేయాల్సిన పని మొదలుపెట్టాను.

పెయింట్ మందం కొలిచే మీటర్‌తో షెల్ అంతా కొలిచాను. ఆరోగ్యంగా ఉన్న చోట్ల, అంటే వెనక డెక్కు మీద, డోర్ల పై సగంలో, 150 నుంచి 250 మైక్రాన్ల మధ్య చూపించింది. ఆరబెట్టిన ప్రైమర్‌కు అది సబబే. సిల్ కింది అంచుల దగ్గర, వెనక చక్రాల వంపుల దగ్గర 2,000 దాటింది. అంటే అక్కడ రెండు మిల్లీమీటర్లకు పైగా పుట్టీ ఉంది. బానెట్ మీద మీటర్‌ను వేరే పద్ధతికి మార్చి కొలవాలి, ఎందుకంటే ఈ కాలం ఎమ్‌జీబీల బానెట్ అల్యూమినియం. అక్కడ కూడా మధ్యలో అంకె పెరిగింది. కారణం యజమాని మాటల్లోనే దొరికింది. రేకులన్నిటికీ, బానెట్‌తో సహా, శాండ్ బ్లాస్టింగ్ చేయించారట. వెడల్పాటి పలచని రేకు మీద, అందులోనూ అల్యూమినియం మీద, ఇసుక జోరుగా కొడితే ఉపరితలం సాగి రేకు అలలు తిరుగుతుంది. ఆ అలల్ని పుట్టీతో నింపారు.

తర్వాత సిల్ లోపలికి సన్నటి కెమెరా దింపాను. కొత్త రేకు వెనక పాత రేకు కనిపించింది. దాని వెనక మధ్య రేకు కింది సగం లేదు. క్యాజిల్ రెయిల్ ఉన్నచోట ఎర్రటి పొడి. అంటే కొత్త సిల్ పట్టుకుని నిలబడ్డానికి కింద ఏమీ లేదు.

డోరు సందులు కొలిచి రాసుకున్నాను. కుడి డోరు వెనక అంచు పైనుంచి కింది దాకా దాదాపు ఒకే వెడల్పు, 4 నుంచి 5 మిల్లీమీటర్లు. ఎడమ డోరుకు కింద 6, పైన 2. రోడ్‌స్టర్ షెల్ మధ్యలో కుంగితే ముందు స్తంభం, వెనక స్తంభం పై చివర్లలో ఒకదాని వైపు ఒకటి వాలతాయి. అందుకే సందు పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది. కీలు సర్దుబాటుతో ఇది పోదు. సిల్ కోసే ముందు డోరు తెరుచుకునే చోట అడ్డంగా ఇనప గొట్టం వెల్డింగ్ చేసి షెల్‌ను బిగించుకోవడం ఈ పనిలో మొదటి పాఠం. ఒకేసారి రెండు వైపులా కోయకుండా, ఒక వైపు ముగిశాకే రెండోది ముట్టుకోవడం రెండో పాఠం. ఈ షెల్‌కు గొట్టం బిగించినట్టు వెల్డింగ్ మచ్చలు ఎక్కడా లేవు. కుంగిన షెల్‌ను కుంగినట్టే ఉంచి, ఆ వంకరలోనే కొత్త రేకును అతికారు. వంకర అక్కడ తాళం వేసుకుని కూర్చుంది.

యజమానికి చెప్పడానికి అన్నిటికంటే కష్టమైన విషయం ఇదే. ఏమీ చేయని తుప్పు కారు కంటే ఈ కారు వెనకబడి ఉంది. తుప్పు కారులో తుప్పు ఎక్కడుందో కనిపిస్తుంది, కోసి తీసేసి కొత్తది పెడతాం. ఇక్కడ ముందు పుట్టీ తీయాలి, తర్వాత తొడుగు రేకు తీయాలి, వంకరను వెనక్కి లాగాలి, అప్పుడు గానీ అసలు తుప్పు దగ్గరకు చేరం. చేసిన పనికి డబ్బిచ్చాం, ఆ పనిని విప్పడానికి మళ్లీ డబ్బివ్వాలి.

బాడీ షెడ్డును అడగలేదా అంటే, అడిగారు. పని ఒప్పుకున్న కాగితం మీద "బాడీ పూర్తిగా" అన్న రెండు మాటలే ఉన్నాయి. ఏ రేకు మార్చాలి, ఎంతవరకు కోయాలి, ఏ దశలో ఫొటోలు తీయాలి, ఏమీ రాసుకోలేదు. వాళ్లు పెయింట్‌కు అనువుగా చేయమన్నారని అర్థం చేసుకున్నామన్నారు. అంత బలహీనమైన కాగితంతో పోరాటానికి దిగితే ఏళ్లు పడుతుంది, ఈలోగా కారు అలాగే ఉంటుంది. యజమాని ఆలోచించి వదిలేశారు. నేను ఆపలేదు, తోయలేదు. అది ఆయన నిర్ణయం.

మా ముందు మూడు దారులున్నాయి.

పూర్తి చేయించి అమ్మడం మొదటిది. రెండు వేర్వేరు చోట్ల అంచనాలు తీసుకున్నాను. బాడీ మళ్లీ సరిచేయడానికి 45, పెయింట్‌కు 22, సీట్లు, హుడ్ (మడిచే గుడ్డ పైకప్పు), లోపలి పనికి 12, మిగిలిన మెకానికల్, వైరింగ్‌కు 8. మొత్తం 87. బాడీ పని విప్పేకొద్దీ పెరుగుతుంది కాబట్టి 45 మీద మూడో వంతు దాకా అదనంగా పట్టుకోవాలి. అంటే 100 విలువైన కారు తయారవడానికి ఇంకో 100 పెట్టాలి. అప్పటికే పెట్టిన 70 లెక్కలోకి రాదు, అది పోయినదే. ఇంకో నిజం కూడా ఉంది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ ఎమ్‌జీబీ బాడీలను పాత అచ్చులతోనే మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. కొత్త షెల్ కొనుక్కునే వీలున్న కారులో, పాత షెల్ రిపేరుకు పెట్టే డబ్బుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితే మనసుకు నచ్చి చేయడమే తప్ప లెక్క కుదరదు. మొదటి దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండోది విడిభాగాలుగా అమ్మడం. కాగితం మీద ఇది ఆశ పెట్టింది. ఇంజన్, కార్బురేటర్లు, వైర్ చక్రాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు. ఓవర్‌డ్రైవ్ అంటే వేగంగా వెళ్లేటప్పుడు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు గేరు. అప్పట్లో అది ఆప్షన్‌గా వచ్చేది కాబట్టి అది లేని కార్లవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటారు. అన్నీ అమ్ముడుపోతే 35 దాకా రావచ్చని వేశాను. యజమాని కళ్లు అక్కడే నిలిచాయి. గేర్‌బాక్సు ఒక్కటి ముందు అమ్మేసి, మిగతాది ప్రాజెక్టుగా పెడదామన్నారు.

దీని మీద మేం చాలాసేపు కూర్చున్నాం. నా వాదన ఇది. ఈ రాశిలో షెల్ విలువ దాదాపు సున్నా. కొనేవాడు డబ్బిచ్చేది షెల్‌తో పాటు వచ్చే మిగతా సామానుకి. మంచి ముక్క ఒకటి తీసేస్తే మిగతావాటి విలువ అంత మేరకే తగ్గదు, కొనాలన్న కారణమే పోతుంది. గేర్‌బాక్సు కొన్నవాడు వెళ్లాక ఇంజన్ అడిగేవాడొస్తాడు. ఆ తర్వాత చక్రాలు. చివరికి వంకర షెల్, ఎవరికీ అక్కర్లేని ఇరవై పెట్టెలు, వాటిని దింపించడానికి కిరాయి లారీ మిగులుతాయి. 35 అనేది అన్నీ అమ్ముడైతే వచ్చే మాట. ఇలాంటి రాశుల్లో చివరి మూడో వంతు సామాను ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో కారణం కాగితాల్లో దొరికింది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఎమ్‌జీ తయారీ రికార్డులుంటాయి. అడిగితే ఆ కారు ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజన్ నంబరు అన్నది ధ్రువపత్రంగా ఇస్తారు. తెప్పించాం. జీహెచ్‌ఎన్3తో మొదలయ్యే చాసిస్ నంబరు ప్లేటు మీదిదీ, రిజిస్ట్రేషన్ కాగితం మీదిదీ, రికార్డులోదీ ఒకటే. ఇంజన్ నంబరు కూడా కలిసింది. కారుతో పుట్టిన ఇంజన్ కారుతోనే ఉంది. విడదీస్తే ఆ మాటకు విలువ ఉండదు. కలిపి అమ్మితే ఉంటుంది. యజమాని అక్కడ మెత్తబడ్డారు.

మిగిలింది మూడో దారి, ప్రాజెక్టును ప్రాజెక్టుగా, మొత్తంగా అమ్మడం. అయితే ఎలా చూపించాలి? ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది, ఎక్కువ నేర్చుకుంది ఇక్కడే.

మొదటి ముగ్గురూ వెళ్లిపోయింది తుప్పు చూసి కాదు. వాళ్లందరూ ఇంతకంటే తుప్పు పట్టిన కార్లు కొని చేసుకున్నవాళ్లే. వాళ్లను వెనక్కి నెట్టింది ప్రైమర్. దాని కింద ఏముందో తెలియదు కాబట్టి, ఉండగలిగిన అన్నిటికంటే చెడ్డది ఉందనే లెక్కేసుకున్నారు. తెలియని చోటుకు కొనేవాడు ఎప్పుడూ ఎక్కువే కోస్తాడు. కాబట్టి పుట్టీ తీసేద్దామన్నాను. సిల్స్ కింది సగం, వెనక వంపులు, కెమెరాలో చెడుగా కనిపించిన ప్రతి చోటా రేకు తేలేదాకా గోకేద్దామన్నాను.

యజమాని నివ్వెరపోయారు. "ఫొటోలో బాగున్నది అదొక్కటే కదండీ!"

ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ బూడిదరంగు నునుపు కోసం ఆయన పద్నాలుగు నెలలు ఎదురుచూశారు. ఫొటో చూసి ఫోన్ చేసేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ ఫోన్ చేసి, వచ్చి, చూసి వెళ్లిపోయేవాళ్లతో మనకేం పని? గోకిన ఫొటో చూసి కూడా వచ్చేవాడు చెడ్డ వార్త ముందే వినేసి వస్తాడు. అతను వచ్చాక మాట్లాడుకునేది ధర గురించే. ఇంకో మాట కూడా చెప్పాను. పుట్టీ అలాగే ఉంచి, ఇప్పుడు మనకు తెలిసింది చెప్పకుండా అమ్మితే 30 దాకా రావచ్చు. ఆ పని నేను చేయను, మీరూ చేయకూడదు. ఈ షెల్ ఎలా మడతపడుతుందో తెలిశాక దాన్ని పెయింటేసి రోడ్డెక్కించే మనిషి చేతిలో పెట్టడం ధరకు సంబంధించిన విషయం కాదు, అందులో కూర్చునేవాళ్ల ప్రాణానికి సంబంధించింది.

మర్నాడు ఆయనే గ్రైండర్ పట్టుకున్నారు.

రెండు రోజులు పట్టింది. రేకు తేలిన చోటల్లా ఫొటో, పక్కన స్కేలు, చోటు పేరు రాసిన చీటీ. ఒక విషయంలో మాత్రం గోకడం ఆపించాను. బాగున్న చోట్ల, అంటే మీటర్ 250 లోపు చూపిన చోట్ల, ప్రైమర్ ముట్టుకోలేదు. తేలిన రేకు మీద మాత్రం అదే సాయంత్రం పలచగా ఎపాక్సీ ప్రైమర్ కొట్టించాను. మామూలు ఫిల్లర్ ప్రైమర్ స్పాంజిలాంటిది, గాలిలోని తేమను లోపలికి పీల్చుకుంటుంది. ఈ షెల్ అదే ప్రైమర్‌లో నెలల తరబడి కూర్చుని ఉండడం వల్ల డిక్కీ అడుగున సూదిమొనల్లాంటి తుప్పు చుక్కలు అప్పటికే లేచాయి. ఎపాక్సీ తేమను ఆపుతుంది, పలచగా ఉంటే కింద ఏముందో కూడా కనిపిస్తుంది.

ఆ తర్వాత కారును చక్రాల మీద నిలబెట్టాం. షెల్ అప్పటిదాకా దిమ్మెల మీద ఉంది. ఎమ్‌జీబీ ముందు సస్పెన్షన్ అంతా ఒక క్రాస్‌మెంబర్‌కు (అడ్డదూలానికి) అమర్చి ఉంటుంది, అది నాలుగు పొడవాటి బోల్టుల మీద షెల్‌కు వేలాడుతుంది. వెనక ఇరుసు ఆకు స్ప్రింగుల మీద. ఒక రోజులో రెండూ ఎక్కించాం. దీనికి రెండు కారణాలున్నాయి. దొర్లే కారును ట్రైలర్ మీదికి ఇద్దరు మనుషులు తోయగలరు, దిమ్మెల మీది షెల్‌కు క్రేను కావాలి. కొనేవాడు మనసులో ఆ క్రేను ఖర్చు కూడా తీసేసుకుంటాడు. రెండోది, డోరు సందు కొలత చక్రాల మీద ఉన్నప్పుడే నమ్మదగింది. ఎడమ డోరు పెట్టి, 6, 2 అన్న అంకెలు కనిపించేలా ఫొటో తీసి ప్రకటనలో రెండో ఫొటోగా పెట్టాం.

పెట్టెలు విప్పి, ఇరవై ఏడు పెట్టెల్లోని సామానంతా పట్టిక రాశాం. ఉన్నవాటితో పాటు లేనివి కూడా. హుడ్ ఫ్రేములో ఒక పట్టీ, విండ్‌స్క్రీన్ మధ్య రాడ్డు కనబడలేదు, అవి "లేవు" అని రాశాం. ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపి నేలమీదే ఉంచి, స్టార్టర్‌కు బ్యాటరీ కట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూశాం. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. ఆ అంకెలు, బేరింగుల బిల్లులు పక్కపక్కన పెట్టాం. యజమాని చేసిన పనిలో నిజంగా గట్టిది అదే. మొదటి ప్రకటనలో దానికి ఒక్క వాక్యం కూడా రాయలేదు, బాడీ అయిపోయిందని చెప్పే తొందరలో.

పట్టికలో మూడు గడులు పెట్టాం: బాగుంది, చెడిపోయింది, విప్పి చూడలేదు. మూడో గడి గురించి యజమానికి సందేహం. చూడలేదని ఎందుకు చెప్పాలి? చెప్పకపోతే కొనేవాడు ఖాళీని బాగుందనుకుంటాడు, తర్వాత తేడా వస్తే అబద్ధం చెప్పామంటాడు. చూడనిదాన్ని చూడలేదనడం కంటే తేలికైన నిజం ఇంకోటి లేదు.

ధర కట్టడానికి లెక్క తిరగేశాం. పని మొత్తం బయట చేయించుకునేవాడికి ఈ కారు విలువ సున్నా, అది ముందే తేలింది. కాబట్టి కొనేది స్వయంగా వెల్డింగ్ చేసుకోగలిగినవాడు, లేదా కొత్త షెల్ కొని ఈ సామానంతా దానిలోకి మార్చుకునేవాడు. మొదటివాడికి రేకులు, పెయింట్ సామాను, లోపలి పని, చిల్లర ఖర్చులు కలిపి 37 దాకా. తెలియని చోట్లకు ఇంకో 8. మిగిలింది 55. అతని చేతి పనికి, నెలల కాలానికి అందులో సగానికి పైగా వదలాలి. వదలకపోతే అతను తయారైన కారే కొనుక్కుంటాడు. కాబట్టి 25 అడిగాం. అంతకుముందు ఒక పాత కార్ల వ్యాపారి ఫొటోలు కూడా చూడకుండా 12 చెప్పి ఉన్నాడు. ఆ రెండింటి మధ్య ఎక్కడో తేలుతుందనుకున్నాం.

ప్రకటన మొదటి వాక్యం ఇలా రాశాను: "ఎడమ సిల్ తప్పుగా అతికి ఉంది, షెల్ కుంగింది, మళ్లీ కోయాలి." రెండో వాక్యంలో ఇంజన్, ఓవర్‌డ్రైవ్, కలిసిన నంబర్లు. ఫోన్లు మొదటిసారి కంటే బాగా తగ్గాయి. పదకొండు రోజుల్లో చూడ్డానికి వచ్చింది ఇద్దరే. మొదటాయన కొత్త షెల్ దారి ఆలోచిస్తున్నవారు, 18 చెప్పి గడువు అడిగారు. రెండో ఆవిడ వెల్డింగ్ నేర్పే మనిషి. సొంత షెడ్డు, షెల్ బిగించుకునే చట్రం ఉన్నాయి. మా పట్టిక అచ్చు వేసుకుని తెచ్చుకున్నారు. ప్రతి వరుస దగ్గరా ఆగి, చేత్తో తడిమి టిక్కు పెట్టుకున్నారు. కారును ఆమె అడగకముందే జాకీ మీద లేపి డోరు చూపించాం. ఆమె తల ఊపారు, అంతే. ఆ కుంగు గురించి బేరమే రాలేదు. ప్రకటనలో చెప్పింది, ఫొటోలో చూసింది, ధరలో తీసేసుకుంది. బేరమంతా హుడ్ ఫ్రేము పట్టీ మీద, విండ్‌స్క్రీన్ రాడ్డు మీద నడిచింది. 22కి ముగిసింది.

70 పెట్టినవారికి 22 రావడం విజయమని నేను అనను. యజమాని సంతకం పెట్టాక చాలాసేపు మాట్లాడలేదు. ఇంజన్ ఎక్కించేటప్పుడు మాత్రం బిగింపు కొలతలు, ఏ గాస్కెట్టు ఎక్కడిది, అన్నీ ఆమెకు ఓపిగ్గా చెప్పారు. ఆ మాటల్లో ఆయన పని ఆయనకు తిరిగి దక్కింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మూడు మార్పులు వచ్చాయి. బయట ప్రైమర్‌లో ఉన్న ఏ షెల్‌నూ మీటర్, కెమెరా, జాకీ పరీక్ష లేకుండా ప్రకటనకు ఎక్కించను. ఎవరైనా రేకు పనికి కారు ఇస్తున్నామని చెబితే, ఒప్పందం కాగితం మీద మార్చాల్సిన రేకుల పేర్లు, కోత హద్దులు, ప్రైమర్‌కు ముందు ఫొటోలు, ఆ దశలో డోర్లు పెట్టి సందులు కొలవడం, ఇవన్నీ రాయించమంటున్నాను. డబ్బు కూడా ఆ దశలవారీగానే ఇవ్వమంటున్నాను. ఇంక "పెయింట్ తప్ప అంతా అయిపోయింది" అన్న మాట వినగానే, పెయింట్ కింద ఉన్న పని ఎవరు చూశారని అడుగుతున్నాను. పాత కారు పనిలో రేకు, పెయింట్ కలిపితే మొత్తం ఖర్చులో సగం దాటడం మామూలే. కాబట్టి ఆ మాట అన్నవాళ్లు తెలియకుండానే సగం దారిలో నిలబడి ఉండొచ్చు.

నాలుగు నెలల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. షెల్‌ను చట్రానికి బిగించి, వంకర లాగి, ఎడమ వైపు క్యాజిల్ రెయిల్ దగ్గర్నుంచి కొత్తగా కట్టారట. డోరు సందు పైనా కిందా 4 వచ్చిందట. కుడి ముందు స్తంభం పాదం దగ్గర మాత్రం మేం చెప్పని తుప్పు దొరికిందన్నారు. నేను పట్టిక తీసి చూశాను. ఆ వరుస మూడో గడిలో ఉంది: విప్పి చూడలేదు. "తెలుసండీ, చూసే కొన్నాను," అన్నారావిడ. ఆమె ఫోన్ చేసింది పాత యజమాని నంబరు కోసం. కార్బురేటర్ల ట్యూనింగ్ గురించి ఆయన్ని ఏదో అడగాలట.